ఒకే బకెట్టు, మూడు అంకెలు

మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ సీసాల మీద 42.8 శాతం అన్న అంకె తరచుగా కనిపిస్తుంది. నలభై కాదు, నలభై మూడూ కాదు. దశాంశంతో సహా 42.8. తాగేవారు దాన్ని పట్టించుకోరు, తాగనివారికి దానితో పని లేదు. ఎక్సైజ్ విధానాల మీద వార్తలు రాసే నాబోటి వాళ్లు మాత్రం ఏదో ఒక రోజు ఆ అంకె ఎక్కడి నుంచి వచ్చిందని అడుగుతారు. దాని వెనుక బ్రిటిష్ పార్లమెంటు 1816లో చేసిన చట్టం ఉంది. సైక్స్ పేరుతో పిలిచే హైడ్రోమీటర్‌ను మద్యం మీద పన్ను వసూలుకు అధికారిక కొలమానంగా నిలబెట్టిన చట్టమది. అప్పటి నిర్వచనం ప్రకారం, 51 డిగ్రీల ఫారెన్‌హీట్ వద్ద సమాన పరిమాణం గల నీటి బరువులో పదమూడింట పన్నెండు వంతులు తూగే మద్యం 'ప్రూఫ్'. నేటి లెక్కలో అది 57.1 శాతం ఆల్కహాల్. అందులో 75 శాతం ఎంతో చూడండి: 42.8. సామ్రాజ్యం పోయింది. నీటిలో తేలే ఒక గొట్టం తేల్చిన అంకె మాత్రం మన సీసాల మీద ఉండిపోయింది.

బీరు మీద పన్ను కథ ఇంకా ఆసక్తికరం. 1880లో గ్లాడ్‌స్టన్ బడ్జెట్ మాల్టు మీద పన్నును ఎత్తివేసి, పులియడానికి ముందున్న తీపి రసం సాంద్రత మీద పన్ను వేసింది. దేనితో చేశావన్నది నీ ఇష్టం, ఎంత చిక్కగా చేశావన్నదే నాకు కావాలి అన్నది ప్రభుత్వం మాట. ఆ రసాన్ని వోర్ట్ అంటారు. దాని సాంద్రతనే ఆ వృత్తిలో గ్రావిటీ అంటారు. 1993 దాకా బ్రిటన్‌లో బీరు పన్నుకు ఇదే ఆధారం. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ధాన్యాన్ని పొదుపు చేయడానికి విధించిన ఆంక్షల వల్ల అక్కడి బీరు సగటు గ్రావిటీ 1052 ప్రాంతం నుంచి 1030 ప్రాంతానికి పడిపోయింది. యుద్ధం ముగిశాక కూడా పాత స్థాయికి తిరిగి రాలేదు. ప్రజల రుచిని వంటవాళ్లు మార్చినదానికంటే ఆర్థిక మంత్రులు మార్చినదే ఎక్కువేమో అని నాకు అప్పుడప్పుడు అనిపిస్తుంది.

ఇదంతా నాకు పుస్తకాల ద్వారా తెలిసిన విషయం. ఆ గొట్టం నిజంగా తేలుతుండగా దగ్గరగా చూసింది మాత్రం 2024 అక్టోబరులో, పెన్సిల్వేనియాలో. అధ్యక్ష ఎన్నికల ప్రచారం చూడటానికి వెళ్లి ఫిలడెల్ఫియా శివార్లలో మా మేనత్త కొడుకు ఇంట్లో దిగాను. బావ ఒక ఔషధ సంస్థలో నాణ్యతా విభాగంలో పనిచేస్తాడు. సెలవు రోజుల్లో ఇంటి నేలమాళిగలో బీరు కాస్తాడు.

ఇక్కడ ఒక మాట చెప్పి ముందుకు వెళ్లాలి. విజయవాడలోనో హైదరాబాదులోనో ఇది చదివి ఎవరూ బకెట్టు కొనవద్దు. మన రాజ్యాంగం మద్యాన్ని రాష్ట్రాల జాబితాలో పెట్టింది. మన రెండు రాష్ట్రాల ఎక్సైజ్ చట్టాల కింద లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం నేరం. అమెరికాలోనూ ఈ స్వేచ్ఛ పుట్టుకతో వచ్చిందేమీ కాదు. 1933లో నిషేధం పోయినా, ఇంట్లో చేసుకునే బీరుకు సమాఖ్య చట్టంలో చోటు దొరకడానికి 1978 దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది అక్టోబరులో జిమ్మీ కార్టర్ సంతకం చేసిన చట్టం పెద్దవారు ఒక్కరుండే ఇంటికి ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరూ అంతకంటే ఎక్కువమందీ ఉంటే 200 గ్యాలన్లు అనుమతించింది. అమ్మకూడదన్నది షరతు. ఆ తరువాత కూడా రాష్ట్రాలు తమ దారి తాము చూసుకున్నాయి. అలబామా, మిసిసిపీ 2013లో గానీ ఒప్పుకోలేదు. సమాఖ్య వ్యవస్థ అంటే ఏమిటో విద్యార్థులకు చెప్పవలసి వస్తే ఇకమీద జీఎస్టీ కంటే ముందు ఈ ఉదాహరణే చెబుతాను.

నేను వెళ్లేసరికి బావ చిక్కులో ఉన్నాడు. సెప్టెంబరు చివర కాచిన బీరు దీపావళికి స్నేహితుల ముందు పెట్టాలని ఆయన కోరిక. ఆ ఏడు దీపావళి అక్టోబరు 31. సీసాల్లో నింపాక బుడగ పట్టడానికి కనీసం రెండు వారాలు కావాలి. అంటే దసరా దాటిన వెంటనే నింపేయాలి. నింపవచ్చా, లేదా అన్నది చెప్పవలసినవి ఆయన దగ్గరున్న మూడు పరికరాలు. గాజు హైడ్రోమీటర్ 1.019 అంటోంది. కాంతి వంపును బట్టి చక్కెరను లెక్కగట్టే రిఫ్రాక్టోమీటర్ 6.6 బ్రిక్స్ చూపిస్తోంది. గోడకు అంటించిన పట్టికలో దానికి ఎదురుగా 1.026 అని ఉంది. బకెట్టులోనే తేలుతూ ఫోనుకు సమాచారం పంపే మూడో పరికరం 1.018 అంటోంది. బావ నోటు పుస్తకంలో ఈ మూడింటి కింద గీత గీసి 'సగటు 1.021' అని రాసుకున్నాడు.

పాయింటు అంటే వెయ్యిలో ఒక వంతు. నీరు 1.000. బార్లీ మాల్టు చక్కెర కరిగిన రసం నీటికంటే బరువు కాబట్టి 1.050 ప్రాంతంలో మొదలవుతుంది. ఈస్ట్ ఆ చక్కెరను తిని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మారుస్తుంది. చక్కెర తగ్గి, నీటికంటే తేలికైన ఆల్కహాలు చేరేకొద్దీ ద్రవం పలుచనై గొట్టం లోతుకు మునుగుతుంది. ఆ పతనం ఆగిన చోట బీరు సిద్ధమైనట్టు. మొదటి అంకెలోంచి చివరి అంకె తీసేసి 131.25తో హెచ్చిస్తే ఆల్కహాలు శాతం దాదాపుగా వస్తుంది.

మూడు అంకెల మధ్య ఏడెనిమిది పాయింట్ల తేడా ఉంటే ఏమవుతుందని మీరు అడగవచ్చు. ఆ ఇంట్లో దానికి సమాధానం గోడ మీదే ఉంది. రెండేళ్ల కిందట బుడగలు ఆగాయి కదా అని రోజులు లెక్కపెట్టి నింపిన సీసాల్లో మూడు ఒక మధ్యాహ్నం పేలాయి. ఒక గాజు పెంకు నేలమాళిగ గోడలో గుచ్చుకుంది. మా మేనల్లుడి సైకిలు ఆ గోడకే ఆనించి ఉంటుంది. ఆ సమయానికి వాడు బడిలో ఉన్నాడు. అప్పటి నుంచి అక్కయ్యది ఒకటే షరతు: పులియడం పూర్తయిందని రుజువు చూపిస్తేనే ఇంట్లో సీసా నింపడం. విజయదశమి నాడు ఆయుధపూజలో హైడ్రోమీటర్ పెడతానంటే కూడా ఆమె ఒప్పుకోలేదు.

లెక్క చూస్తే ఆమె భయం న్యాయమైనదే. మూసిన సీసాలో ఒక్కొక్క పాయింటు చక్కెర పులిసినప్పుడు బీరు పరిమాణంలో దాదాపు సగం వంతు వాయువు పుడుతుంది. మామూలు బీరులో రెండున్నర రెట్ల వాయువు ఉంటుంది. మామూలు సీసా మూడింతలకు కాస్త అటూ ఇటూ తట్టుకుంటుంది. 1.026 నిజమై, ఈస్ట్ సీసాలో మేలుకొని 1.013 దాకా పని కొనసాగిస్తే అదనంగా ఆరున్నర రెట్లు. అప్పుడు అది సీసా కాదు, బాంబు.

"మూడూ మంచి పరికరాలేరా. మూడూ మూడు మాటలు చెబుతున్నాయి. మీ ఎగ్జిట్ పోల్స్ వాళ్లు ఇలాంటప్పుడు ఏం చేస్తారు?" అన్నాడు బావ.

సగటు తీస్తారు. 'పోల్ ఆఫ్ పోల్స్' అని దానికి పేరు పెడతారు. తప్పులు అటూ ఇటూ చెదిరి ఉన్నప్పుడు సగటు పనికొస్తుంది. అన్నీ ఒకే వైపుకు ఒరిగినప్పుడు సగటు ఆ ఒరుగుదలను దాచి, దానికి మరింత గౌరవం తెచ్చిపెడుతుంది. 2024 జూన్ 1 సాయంత్రం మన టీవీ తెరల మీద దాదాపు అన్ని సంస్థలూ ఎన్డీయేకు 350కి పైనే ఇచ్చాయి. నాలుగో తేదీన వచ్చినవి 293. బీజేపీకి సొంతంగా 240. ఆ సాయంత్రం స్టూడియోల్లో ఎవరికీ అనుమానం రాకపోవడానికి కారణం అంకెలు కలవడమే. బావ అదృష్టం ఏమిటంటే ఆయన అంకెలు కలవలేదు.

అందుకే ఏ అంకెను నమ్మాలన్న ప్రశ్నను పక్కనపెట్టి, ఒక్కొక్క పరికరం అసలు దేన్ని కొలుస్తోందని అడగడం మొదలుపెట్టాం. రాజకీయ విలేకరికి అబ్బే విద్య ఇదొక్కటే: ఒక అంకె చేతికిస్తే, ఇది ఎవరు, ఎక్కడ, ఎవరిని అడిగి తెచ్చారని అడగడం. మిగతాది బావకు తెలుసు. ఆఫీసులో ప్రతి తులాయంత్రాన్నీ పొద్దున్నే ప్రమాణ తూనికతో సరిచూసే మనిషి ఇంట్లో గాజు గొట్టాన్ని నాలుగేళ్లుగా ఒక్కసారైనా పరీక్షించలేదు. ఎత్తిచూపితే నవ్వాడు. "ఆఫీసులో ఆడిట్ ఉంటుంది, ఇక్కడ మీ అక్కయ్య ఒక్కతే," అన్నాడు.

హైడ్రోమీటర్‌తోనే మొదలుపెట్టాం. ఇది బరువును చూస్తుంది. తన చుట్టూ ఉన్న ద్రవం తనను ఎంత పైకి నెడుతోందన్నదే దానికి తెలుసు. కాబట్టి పైకి నెట్టే ఇంకేదైనా దాన్ని ఏమార్చగలదు. పులుస్తున్న బీరులో కరిగి ఉన్న వాయువు సన్నని బుడగలై గాజుకు అంటుకుంటుంది. నీళ్లలో ఎండుద్రాక్ష బుడగలు పట్టుకుని పైకి లేచినట్టు గొట్టం కాస్త పైకి లేస్తుంది, అంకె పెరుగుతుంది. బావ నమూనాను ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి, అచ్చం కాఫీ తిరగబోసినట్టు పది పన్నెండు సార్లు పోశాడు. నురగ అణిగాక, గొట్టాన్ని వేళ్లతో ఒకసారి తిప్పి వదిలి, కంటిని ద్రవం మట్టానికి దించి చూస్తే 1.016. మూడు పాయింట్లు గాలిలో పోయాయి.

తరువాత డిస్టిల్డ్ వాటర్. ఆ పరికరం 20 డిగ్రీల సెల్సియస్ దగ్గర సరిచూసినదని దాని చీటీ మీదే రాసి ఉంది. నీళ్లను సరిగ్గా ఆ వేడికి తెచ్చి అందులో వదిలితే 1.000 చూపించాలి. 1.003 చూపించింది. దీపానికి ఎదురుగా పట్టుకుని చూస్తే కారణం కనిపించింది: గొట్టం లోపల చుట్టి పెట్టిన కాగితపు స్కేలు పైభాగంలో జిగురు వదిలి కొద్దిగా జారింది. ఎప్పుడో దెబ్బ తగిలి ఉంటుంది. అయితే జారిన స్కేలు అన్నిచోట్లా ఒకే మేరకు తప్పు చెబుతుందని ఊహించడం కంటే చూడటం మేలు. వంద గ్రాముల ద్రావణంలో పది గ్రాముల చక్కెర ఉండేలా కలిపితే అది 1.040 కావాలి. 1.043 వచ్చింది. తప్పు స్థిరమైనదే. తెలిసిన తప్పు తప్పు కాదు, తీసివేత మాత్రమే. 1.016లోంచి మూడు పోతే 1.013.

వేడి సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది మోసపోయేది అక్కడే. నీరు 20 డిగ్రీల దగ్గర లీటరుకు 998.2 గ్రాములు, 40 డిగ్రీల దగ్గర 992.2 గ్రాములు. కాచిన రసాన్ని చల్లారనివ్వకుండా కొలిస్తే ఆరు పాయింట్లు తక్కువ కనిపిస్తాయి. దీనికి సవరణ పట్టికలున్నాయి. కానీ పాత పరికరాలు చాలావరకు 60 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర, కొత్తవాటిలో చాలా 68 దగ్గర, అంటే మన 20 సెల్సియస్ దగ్గర సరిచూసినవి. బావ గోడ మీది పట్టిక 60కి చెందినది, గొట్టం 68కి చెందినది. అవసరం లేని చోట ఆయన ప్రతిసారీ ఒక పాయింటు కలుపుతూ వచ్చాడు. నా ముందు పట్టికను చింపి చెత్తబుట్టలో వేశాడు.

ఇదంతా చూస్తుంటే నాకు కృష్ణా జిల్లాలో మా ఊరి పాలకేంద్రం గుర్తొచ్చింది. లాక్టోమీటర్ కూడా హైడ్రోమీటరే. పితికిన వెంటనే పరుగున తెచ్చిన వెచ్చటి పాలలో అది లోతుకు మునుగుతుంది, రీడింగు తగ్గుతుంది. నీళ్లు కలపని మనిషి నీళ్లు కలిపినవాడవుతాడు. దీనికి తలకిందుల కథ కూడా ఉంది. నీళ్లు కలిపితే రీడింగు తగ్గుతుంది, వెన్న తీస్తే పెరుగుతుంది. రెండూ తగిన పాళ్లలో చేసినవాడి పాలు లాక్టోమీటర్ ముందు నిష్కళంకంగా నిలబడతాయి. కొవ్వు శాతం పరీక్ష విడిగా ఎందుకు వచ్చిందో దీన్నిబట్టి తెలుస్తుంది. ఒక పరికరానికి ఒకే ప్రశ్న అడగడం వచ్చు. ఆ ప్రశ్న తెలిసినవాడు దాన్ని సుఖంగా దాటిపోతాడు. మా ఊళ్లో ఎవరు వెచ్చటి పాలు తెచ్చి మాటపడ్డారో, ఎవరు తెలివిగా వెన్న తీసి మన్నన పొందారో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతారు. ఆ రెండు వర్గాల మధ్య భూమి కొలతల్లో కూడా తేడా ఉండేదన్నది వేరే వ్యాసం.

రిఫ్రాక్టోమీటర్ సమస్య దీనికంటే సూక్ష్మమైనది. అది బరువును చూడదు. కాంతి ఎంత వంగుతోందో చూస్తుంది. చక్కెర నీళ్లలో కాంతి ఎంత వంగితే ఎంత చక్కెర ఉన్నట్టో దానికి పట్టిక ఉంది. పులియక ముందు ఆ పట్టిక నిజం. పులిశాక ద్రవంలో ఆల్కహాలు చేరుతుంది. ఆల్కహాలు కూడా కాంతిని నీటికంటే ఎక్కువ వంచుతుంది. పరికరానికి ఆ సంగతి తెలియదు. ఆ వంపు మొత్తాన్ని చక్కెర ఖాతాలో వేస్తుంది. అందుకే 6.6 బ్రిక్స్ పట్టికలో 1.026గా కనిపించింది. మొదట్లో ఎంత చక్కెర ఉండేదో తెలిస్తే దీన్ని సవరించే సూత్రాలు ఉన్నాయి. 13.1 బ్రిక్స్‌తో మొదలైన రసం 6.6 దగ్గర ఆగిందంటే అసలు గ్రావిటీ 1.0125 ప్రాంతం. హైడ్రోమీటర్ చెప్పిన 1.013 పక్కకే వచ్చి కూర్చుంది.

నా ఉద్దేశంలో మన ఎగ్జిట్ పోల్స్‌లో కూడా సర్వేకంటే దాని తరువాత వచ్చే పట్టికే ఎక్కువ ప్రమాదకరం. ఓట్ల శాతాన్ని సీట్లుగా మార్చే లెక్క పాత పొత్తుల మీద, పాత పోటీల మీద కట్టినది. ఉత్తరప్రదేశ్‌లో సమాజ్‌వాదీ, కాంగ్రెస్ కలిసి పోటీ చేసినప్పుడు ద్రవం మారిపోయింది. అక్కడ బీజేపీ 33 దగ్గర ఆగింది, సమాజ్‌వాదీ 37, కాంగ్రెస్ 6 గెలిచాయి. ఓటరు అబద్ధం చెప్పాడని ఆ తరువాత వారమంతా స్టూడియోల్లో నిందించారు. ఓటరు ఏం చెప్పాడన్నది సరే, అతడు చెప్పినదాన్ని ఏ పట్టికలో వెతికారన్నది అడిగినవారు తక్కువ.

అయితే రిఫ్రాక్టోమీటర్ సవరణకు ఆరంభ గ్రావిటీ కావాలి అన్నాను కదా. అక్కడ ఇంకో గొడవ బయటపడింది. బావ నోటు పుస్తకంలో ఆరంభ గ్రావిటీ 1.044 అని ఉంది. దాని పక్కనే 1.061 అని రాసి కొట్టివేసి ఉంది. మొదటిది బకెట్టు పైనుంచి గరిటెతో తీసింది, రెండోది అడుగునున్న కుళాయి నుంచి పట్టింది. రెండోది మరీ ఎక్కువగా ఉందని ఆయనే కొట్టేశాడు. రిఫ్రాక్టోమీటర్ ఆ రోజు వాడలేదు.

ఆయన పద్ధతి ఇది: సగం నీళ్లలో మాల్టు సారం పొడిని కాచి, చల్లార్చి, బకెట్టులో పోసి, పైన చల్లటి నీళ్లతో ఐదు గ్యాలన్లకు నింపడం. బెల్లప్పాకం మీద నీళ్లు పోసి కలపకుండా వదిలితే ఏమవుతుందో మన ఇళ్లలో అందరికీ తెలుసు. చిక్కనిది అడుగున, పలుచనిది పైన. రెండు కొలతలూ నిజమే, రెండూ బకెట్టువి కావు. ఒకటి పై పొరది, ఇంకొకటి అడుగు పొరది. ఢిల్లీలో టాక్సీ డ్రైవరును అడిగి దేశం నాడి చెప్పే సంపాదకులు మనకు తెలియనివారేమీ కాదు.

ఇలాంటి చోట కొలతకంటే లెక్క మెరుగు. పొడి మాల్టు సారం ఒక పౌండు ఒక గ్యాలన్ ద్రవంలో 44 పాయింట్లు ఇస్తుంది. బావ వేసింది ఆరు పౌండ్లు, మొత్తం ద్రవం ఐదు గ్యాలన్లు. 264ను ఐదుతో భాగిస్తే దాదాపు 53. అంటే 1.053. బ్రిక్స్‌లో 13.1. ధాన్యాన్ని నానబెట్టి కాచేవారికి ఈ సౌకర్యం లేదు, ఎంత చక్కెర బయటికి వచ్చిందో కొలిస్తే తప్ప వాళ్లకు తెలియదు. సారంతో కాచేవాడికి మాత్రం తూకమూ పరిమాణమూ సరిగ్గా ఉంటే ఆరంభ గ్రావిటీ తప్పే అవకాశం చాలా తక్కువ. అంకె తేడాగా వచ్చిందంటే రసం బాగా కలవలేదని అర్థం.

ఇప్పుడు ఆయన మొదట నమ్మిన కథను చూడండి. ఆరంభం 1.044, ప్రస్తుతం 1.019. అంటే చక్కెరలో 57 శాతమే ఖర్చయింది, ఆల్కహాలు 3.3 శాతం. ఏ ఈస్ట్ అయినా సాధారణంగా ఇంతకంటే ఎక్కువ పని చేస్తుంది. కనుక పులియడం మధ్యలో ఆగిపోయిందని, ఇంకో పొట్లం ఈస్ట్ వేయాలని, దీపావళి ఆశ వదులుకోవాలని ఆయన నిర్ణయానికి వచ్చేశాడు. అదే బకెట్టుకు రెండో కథ: ఆరంభం 1.053, ప్రస్తుతం 1.013. ఖర్చయింది 75 శాతం, ఆల్కహాలు 5.25 శాతం. ఏ లోపమూ లేని మామూలు పేల్ ఏల్. నాకు భయం వేసింది మొదటి కథ అంత పొందికగా ఉండటం చూసి. అందులో ప్రతి అంకె ఇంకో అంకెను సమర్థించింది. ఆరంభాన్ని తగ్గించి చూపిన తప్పూ, ముగింపును పెంచి చూపిన తప్పూ చేతులు కలిపి, లేని రోగాన్ని కల్పించాయి.

మూడో పరికరాన్ని ఇంతవరకు పక్కన పెట్టాను. బకెట్టులో తేలే ఆ డిజిటల్ గొట్టం తాను ఎంత ఒరిగి ఉందో చూసి సాంద్రతను అంచనా కడుతుంది. దాని నెత్తిన నురగ ఎండి అట్టకట్టినా, హాప్స్ పొట్టు అంటుకున్నా ఒరుగుదల మారుతుంది. 1.018 అన్న దాని మాటకు విలువ ఇవ్వనక్కరలేదు. కానీ అది పదిహేను నిమిషాలకొకసారి ఆ మాట చెబుతూనే ఉంది. ఫోనులో ఆ గీతను చూస్తే మొదటి వారంలో జారుతూ వచ్చి, గత నాలుగు రోజులుగా బల్లపరుపుగా సాగుతోంది. అంకె తప్పు, గీత నిజం. అక్కయ్య అడిగిన రుజువుకు అన్నిటికంటే దగ్గరగా వచ్చిన సాక్ష్యం అది.

అయినా ఆమె ఒప్పుకోలేదు. "నాలుగు రోజులు ఊరుకున్నంత మాత్రాన అయిపోయినట్టా? మధ్యలో అలిగి ఆగిపోయి ఉండొచ్చు కదా," అంది. ఆమె అన్నది శాస్త్రసమ్మతమైన సందేహం. చల్లబడి నిద్రపోయిన ఈస్ట్ సీసాలో వెచ్చదనం తగలగానే లేచి కూర్చుంటుంది. నిలకడ వేరు, పూర్తవడం వేరు. హాప్స్ ఆలస్యంగా వేసిన బీరులో వాటితో వచ్చే ఎంజైములు మొండి పిండిపదార్థాలను విరగ్గొట్టి కొత్తగా చక్కెర పుట్టించడం కూడా ఉంటుంది. బావ ఈసారి అలా వేయలేదు కనుక ఆ చిక్కు లేదు.

ఆమె సందేహానికి జవాబు ఒక చిన్న సీసాలో దొరికింది. బకెట్టులోంచి అర లీటరు తీసి, అందులో పొట్లంలో సగం ఈస్ట్ వేసి, మూత వదులుగా పెట్టి, వెచ్చగా ఉండే చోట ఉంచి, వచ్చేపోయేవాళ్లం ఊపుతూ ఉన్నాం. ఆ రసంలో తినదగ్గ చక్కెర ఎంత మిగిలి ఉన్నా అంత ఈస్ట్ రెండు మూడు రోజుల్లో ఊడ్చేస్తుంది. ఎంత దిగిందో అదే అంతిమ హద్దు. మూడో రోజు తిరగబోసి, సవరించి చూస్తే 1.012. బకెట్టు అప్పటికీ 1.013 దగ్గరే ఉంది. మిగిలింది ఒక్క పాయింటు, అంటే సీసాలో అదనంగా సగం వంతు వాయువు. బుడగ కోసం వేసే చక్కెరను ఆ మేరకు తగ్గించుకుంటే సరిపోతుంది. ఐదు గ్యాలన్లకు మామూలుగా వేసే 115 గ్రాములను బావ 80కి తగ్గించాడు.

ఆ వారంలోనే పెన్సిల్వేనియాలో సర్వేలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. ఒక పాయింటు అటు, ఒక పాయింటు ఇటు. ప్రతి ప్రకటన విరామంలోనూ అవే. బావ రాత్రి భోజనాల దగ్గర వాటిని వదిలిపెట్టి, నమూనా ఎక్కడ తీశారు, ఎంతమంది ఫోను ఎత్తారు అని నన్ను అడగడం మొదలుపెట్టాడు. నేను చెప్పగలిగినవి చెప్పాను.

సోమవారం సాయంత్రం సీసాలు నింపారు. అక్కయ్య షరతులు ఇంకో రెండు చేరాయి. ఒకటి, సీసాలు నేలమాళిగలో కాదు, గ్యారేజీలో మూత ఉన్న మందపాటి ఐసు పెట్టెల్లో ఉండాలి. రెండు, వాటితోపాటు ఒక ప్లాస్టిక్ సోడా సీసా కూడా అదే బీరుతో నింపి పైన పెట్టాలి. ప్లాస్టిక్ సీసాను చేత్తో నొక్కి చూడవచ్చు: మొదట మెత్తగా ఉంటుంది, బుడగ పట్టేకొద్దీ బిగుస్తుంది, రాయిలా అయితే మిగతావాటి మూతలు వెంటనే వదులు చేయాలి. మూడు పరికరాల మీద అంత చర్చ జరిగాక ఆమె నమ్మింది తన బొటనవేలును. మేనల్లుడి సైకిలును మాత్రం ముందు జాగ్రత్తగా గ్యారేజీలోంచి వరండాలోకి మార్చింది. బావ నోటు పుస్తకంలో కొత్త పేజీ తీసి 1.013 అని రాసి, దాని పక్కన ఏ గొట్టం, ఎంత వేడి, బకెట్టులో ఎక్కడి నమూనా, ఎన్నిసార్లు తిరగబోసింది అని నాలుగు గడులు గీశాడు.